ఊరి కట్టుబాటులో మన మాట: గ్రామసభయు, ఉపనిబంధనలును

కట్టుబాటు లేని ఊరు కట్ట లేని చెరువు వంటిది. చెరువు నీరు ఏ పొలమునకు ముందు పారవలెను, పశువులను ఎక్కడ మేపవలెను, పెంటకుప్పలను ఎచ్చట వేయవలెను, సంతనాడు బండ్లను ఎక్కడ నిలుపవలెను - ఇట్టి విషయములలో ప్రతి గ్రామమునకును పూర్వమునుండి ఏదో యొక ఏర్పాటు కలదు. ఆ ఏర్పాటును రచ్చబండయొద్ద కూర్చున్న నలుగురు పెద్దలు చెప్పెడివారు. తక్కిన ఊరు తలయూపెడిది. తలయూపుటకైనను రచ్చబండ దరికి రాలేనివారు ఊరిలో సగముకన్న ఎక్కువమంది యుండిరి. స్త్రీలు గుమ్మము లోపలినుండియే వినవలసివచ్చెను. ఊరికి వెలుపలి వాడలవారికి తీర్పు తెలియుటయే గాని, తీర్పునకు ముందు తమ మాట చెప్పుకొను అవకాశము లేకుండెను.

నేడు ఆ స్థితి చట్టరీత్యా మారినది. ఊరి కట్టుబాటును వ్రాయు అధికారము ఊరివారు ఎన్నుకొన్న గ్రామ పంచాయతీకి సంక్రమించినది. పంచాయతీ వ్రాయు ఇట్టి కట్టుబాట్లకే ఉపనిబంధనలని పేరు. వ్యవహారములో వీనిని బైలాలని గూడ అందురు. వోటరు పట్టికలో పేరున్న ప్రతి వ్యక్తియు గ్రామసభలో సభ్యుడై యుండుటచేత, ఈ కట్టుబాట్లను గూర్చి మాట్లాడు హక్కు కూలికిని కలదు, మోతుబరికిని కలదు. అయినను పెక్కు గ్రామములలో ఈ హక్కు వాడుకలోనికి రాలేదు. సభ జరుగుచున్నదని తెలిసియు పలువురు పనిమీద పోవుదురు. జరిమానా చీటీ చేతికి వచ్చిన నాడు మాత్రము, "మమ్మడుగకుండ ఇది యెవరు పెట్టిరి?" అని కోపగించుకొందురు.

ఉపనిబంధన ఒకసారి అమలులోనికి వచ్చిన పిమ్మట సభకు వచ్చినవానిని, రానివానిని సమానముగనే బంధించును. జరిమానా విధించునపుడు, "నీవు ఆనాటి సభలో నుంటివా?" అని ఎవరును అడుగరు. కావున మాట్లాడుటకు తగిన కాలము ముసాయిదా వెలువడిన దినమునకును, అది ఖాయమగు దినమునకును నడుమ నుండు కొద్ది కాలమే. ఆ కాలమును గ్రామస్థులు ఎట్లు వినియోగించుకొనవచ్చునో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పూర్వ చరిత్ర

గ్రామస్థులు సభగా కూడి నియమములు వ్రాసికొనుట మన దక్షిణదేశమునకు క్రొత్త గాదు. తమిళదేశమున ఉత్తరమేరూరులోని క్రీ. శ. 919, 921 సంవత్సరముల నాటి చోళరాజు మొదటి పరాంతకుని శాసనములు ఇందుకు ప్రసిద్ధమైన సాక్ష్యము. గ్రామసభలోని సంఘములకు సభ్యులను కుండలో వేసిన ఓలలనుండి తీసి ఎన్నుకొను పద్ధతి అందు వివరముగ చెక్కబడినది. లెక్కలు చూపనివారు సంఘములకు తగరని గూడ అందు కలదు. అయితే ఆ సభలో స్థానము పొందుటకు కొంత భూమి యుండవలెను, స్వంత స్థలములో ఇల్లుండవలెను, వేదవిద్య తెలిసియుండవలెను, వయస్సు ముప్పదియైదుకు పైబడి డెబ్బదికి లోబడి యుండవలెను. అనగా నియమము గొప్పదేగాని, అది కొందరి నియమము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజ్యాంగములోని 40వ అధికరణము గ్రామ పంచాయతీలను నెలకొల్పుమని ప్రభుత్వములను ఆదేశించెను. 1957లో బలవంతరాయ్ మెహతా సంఘము ఇచ్చిన నివేదికను అనుసరించి, 1959 అక్టోబరు 2వ తేదీన రాజస్థానములోని నాగౌరులో పంచాయతీరాజ్యము ప్రారంభమయ్యెను. అదే నెలలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ షాద్‌నగరులో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. అయినను గ్రామసభకు రాజ్యాంగములోనే చోటు దొరకుటకు మరి ముప్పదినాలుగు ఏండ్లు పట్టెను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. గ్రామములోని వోటర్లందరి సముదాయమే గ్రామసభ యని ఆ సవరణ నిర్వచించినది. భూమి, విద్య, కులము, లింగము అను అడ్డుగోడలు అందు లేవు. పదునెనిమిది ఏండ్లు నిండి, పట్టికలో పేరెక్కియుండిన చాలును.

ఉపనిబంధన యనగా నేమి?

చట్టములు ఒక మెట్లవరుస వంటివి. అన్నింటికిని పైమెట్టు రాజ్యాంగము. దానికి లోబడి శాసనసభలు చట్టములు చేయును. చట్టమునకు లోబడి ప్రభుత్వము నియమములు చేయును. వీనికన్నింటికిని లోబడి గ్రామ పంచాయతీ తన హద్దులో మాత్రమే చెల్లునట్లు చేయునది ఉపనిబంధన. పైమెట్టుపై నున్న చట్టమునకు విరుద్ధముగ క్రింది మెట్టుపై నున్న ఉపనిబంధన నిలువజాలదు.

పంచాయతీ ఏ పనులకొరకు ఏర్పడినదో ఆ పనులను గూర్చియే ఉపనిబంధనలు చేయవలెను. త్రాగునీరు, మురుగుకాలువలు, వీధుల శుభ్రత, చెత్త, సంతలు, బండ్లు నిలుపు స్థలములు, శ్మశానములు, పశువులు, బందెలదొడ్డి మున్నగునవి ఇట్టి విషయములు. ఒకని పెండ్లి యెట్లు జరుగవలెను, ఒకడు ఏ దేవుని కొలువవలెను అను విషయములు పంచాయతీ పరిధిలోనివి గావు. ఒక కుటుంబమును ఊరినుండి వెలివేయుమని గాని, ఒక కులమువారు ఫలానా వీధిలో నడువరాదని గాని చెప్పు కట్టుబాటు ఎంతమంది చేతులెత్తినను ఉపనిబంధన కాజాలదు; అది నేరము.

ఉపనిబంధనను ఉల్లంఘించినవానికి పరిమితమైన జరిమానా విధించు అధికారము చట్టములో కలదు. ఉపనిబంధనకు పైయధికారి ఆమోదము కూడ ఉండవలెను. ముసాయిదాను ఎట్లు ప్రకటించవలెను, ఏనాటినుండి అమలు జరుపవలెను అను విధానమును ప్రభుత్వ నియమములు నిర్ణయించును. కావున సర్పంచి ఒక్కడు చావడిలో కూర్చుండి, "రేపటినుండి ఇది నియమము" అన్నంత మాత్రమున అది ఉపనిబంధన కానేరదు.

పంచాయతీ వేరు, గ్రామసభ వేరు

ఈ రెంటిని ఒకటిగా భావించుట మన గ్రామములలో సామాన్యము. గ్రామ పంచాయతీ యనగా సర్పంచియు, వార్డు సభ్యులును కలిసిన ఎన్నికైన సంస్థ. తీర్మానము చేయునది, ఉపనిబంధనను ఆమోదించునది ఈ సంస్థయే. గ్రామసభ యనగా వోటర్లందరును. పంచాయతీ పనులను విచారించుట, సలహా చెప్పుట, లెక్కలడుగుట దీని ధర్మము.

పంచాయతీ సమావేశము సామాన్యముగ నెలకొకసారి జరుగును. అందు మాట్లాడుటకు, వోటు వేయుటకు అధికారము సభ్యులకే కలదు. గ్రామస్థుడు సాధారణముగ ప్రేక్షకుడుగా కూర్చుండి వినవచ్చును. గ్రామసభలోనైతే ప్రతి వోటరును మాట్లాడవచ్చును. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము గ్రామసభ ఏటికి కనీసము రెండు మారులైనను జరుగవలెనని నిర్దేశించెను. గడచిన ఏటి లెక్కలు, ఆడిటు నివేదిక, పరిపాలన నివేదిక, రాబోవు పనుల ప్రణాళిక, క్రొత్త పన్నుల ప్రతిపాదనలు, ఉన్న పన్నుల పెంపు, లబ్ధిదారుల ఎంపిక మున్నగు విషయములను సభముందుంచవలెనని గూడ ఆ చట్టము చెప్పుచున్నది. తెలంగాణలో 2018 నాటి చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి కూడవలెను. 2024 ఆగస్టు 23వ తేదీన ఆంధ్రప్రదేశములోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకేనాడు గ్రామసభలు జరిగినవి. సభ జరుపుటకు ప్రభుత్వము దినమును నిర్ణయింపగలదు. సభలో నోరు విప్పుట మాత్రము గ్రామస్థుని వంతు.

ఒక ఉదాహరణము

విషయము సుబోధకమగుటకై ఒక గ్రామమును ఊహించుకొందము. ఆ ఊరిలో నీళ్లట్యాంకు కలదు. ఇంటింటికి కుళాయి కలదు. అయినను వేసవి వచ్చుసరికి పల్లపువీధిలో బిందెలు పొర్లిపోవుచుండును, మిట్టవీధిలో కుళాయి గాలి ఊదుచుండును. కొందరు కుళాయి గొట్టమునకు మోటారు బిగించి నీటిని లాగుకొనుచున్నారు. దానిచేత చివరి ఇండ్లవారికి చుక్కయు దొరకుట లేదు. తగవులు పెరిగి, పంచాయతీవారు ఒక ముసాయిదా సిద్ధము చేసిరి. కుళాయికి మోటారు బిగించినచో దానిని స్వాధీనము చేసికొని, కనెక్షనును తొలగింతురు. వీధికుళాయిలయొద్దను, బోరుయొద్దను బట్టలుతుకరాదు, పశువులను కడుగరాదు. ప్రతి ఇంటివారును నెలకింతయని నీటి రుసుము చెల్లింపవలెను.

పైకి చూచినచో ముసాయిదా మంచిదిగనే కనుపించును. గ్రామసభలో దానిని చదివి వినిపించిరి. మిట్టవీధికి చెందిన ఒక వృద్ధురాలు లేచి యిట్లనెను:

"అయ్యా సర్పంచిగారూ, మోటారు పెట్టుకోవాలని మాకేమీ సరదా కాదు. మా వీధికి ఎక్కేసరికి నీళ్లు సన్నగిల్లిపోతున్నాయి. మా వీధికి విడిగా అరగంట వదలండి, మోటారు నేనే ఊడదీసి తెచ్చి మీ ముందు పెడతాను."

పల్లపువీధి రైతు ఒకడు, "పిన్నమ్మ చెప్పింది నిజమే గాని, నీళ్లు వదిలే మనిషి వేళకు రావడం లేదు. ముందు ఆయన వేళ గోడమీద రాయించండి" అనెను. రజక వృత్తిలోనున్న ఒకడు, "చెరువు ఎండిన మూడు నెలలు బోరు దగ్గర ఉతకొద్దంటే మేమెక్కడికి పోవాలి బాబూ?" అని అడిగెను. కూలికి పోవు ఒక స్త్రీ, "రుసుము నెల మొదట కాకుండా పనుల రోజుల్లో వసూలు చేస్తే ఇవ్వగలం" అనెను.

నాలుగు మాటలలో నాలుగు సంగతులు బయటపడినవి. మోటార్లకు మూలకారణము నీటి ఒత్తిడి చాలకపోవుట. నీరు విడుచు వేళ స్థిరముగ లేదు. నిషేధముచేత ఒక వృత్తివారికి ప్రత్యేకముగ నష్టము కలుగుచున్నది. రుసుము కట్టుటకు మనసున్నను కాలము అనుకూలముగ లేదు. ముసాయిదా వ్రాసినవారికి ఇవి తెలియకపోవుట వారి లోపము గాదు; ఆ వీధిలో బిందె పట్టుకొని నిలుచున్నవారికే అవి తెలియును.

పిదప ముసాయిదా మారెను. గొట్టపుమార్గములో వాల్వు బిగించి వీధివీధికి వంతు పెట్టవలెననియు, వేళలను పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయవలెననియు, వంతు నడచిన నెల తరువాతనే మోటార్ల నిషేధము అమలు కావలెననియు చేర్చిరి. మొదటి తప్పునకు హెచ్చరిక, రెండవమారు జరిమానా అని నిర్ణయించిరి. త్రాగునీటిని పూర్తిగ ఆపివేయు శిక్షను తొలగించిరి. బోరుయొద్ద మురుగు పోవు ఏర్పాటుతో ఉతుకు బండలకు స్థలము చూపిరి. ఇట్టి ఉపనిబంధనకు కాపలాదారు అక్కరలేదు. తాము పలికిన మాట అందులో నున్నదని ఎరిగినవారే దానిని కాపాడుదురు.

ముసాయిదాను చదువు విధము

ముసాయిదా చేతికి వచ్చినప్పుడు అయిదు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది - ఏది చేయరాదో, ఏది చేయవలెనో స్పష్టముగ నున్నదా? "వీధిని అపరిశుభ్రము చేయరాదు" అన్నచో ఎవరిమీదనైనను జరిమానా వేయవచ్చును. "ఇంటి చెత్తను మురుగుకాలువలో వేయరాదు" అన్నచో అందరికిని తెలియును.

రెండవది - ఇది అందరికిని సమానముగ వర్తించునా? పెద్దయింటి గేదె వీధిలో నిలిచినను, పేదయింటి మేక నిలిచినను ఒకటే నియమము కావలెను.

మూడవది - నిషేధించుటకు ముందు మరియొక మార్గము చూపబడినదా? చెత్తను వీధిలో వేయరాదనునపుడు, ఎక్కడ వేయవలెనో, ఎవరు తీసికొనిపోవుదురో గూడ ఉండవలెను.

నాల్గవది - జరిమానా తప్పునకు తగినదా? ఎవరు విధింతురు? రశీదు ఇత్తురా? అన్యాయమని తోచినచో ఎవరికి చెప్పుకొనవలెను?

అయిదవది - ఇది పైచట్టములకు అనుగుణముగ నున్నదా? పంచాయతీ పరిధి దాటిపోవుచున్నదా?

ఈ ప్రశ్నలకు సమాధానము దొరకని చోటనే మన అభ్యంతరము పుట్టవలెను. "ఇది మాకు వద్దు" అనుటకన్న, "మూడవ నిబంధనలోని ఈ మాటను తీసి, ఈ మాటను పెట్టుడు" అనుట బలమైనది. వద్దన్నవానిని సభ మరచిపోవచ్చును. మార్పు చూపినవానికి జవాబు చెప్పక తప్పదు.

సభకు ముందు

సభ జరుగు దినము, వేళ, స్థలము, చర్చనీయ విషయములు ముందుగా తెలిసికొనవలెను. దండోరా వినబడని వాడలున్నచో ఆ సంగతిని పంచాయతీ కార్యదర్శికి తెలుపవలెను. ముసాయిదా ప్రతిని అడిగి తీసికొనవలెను. చదువురానివారు చదువుకొన్న పిల్లలచేత చదివించుకొని వినవలెను. నోటీసు బోర్డుమీద ప్రతి లేకున్నచో, 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము దరఖాస్తు పెట్టవచ్చును. ముప్పది దినములలో జవాబు ఇయ్యవలెను. మన రాష్ట్రములలో గ్రామస్థాయి కార్యాలయమునకు పెట్టు దరఖాస్తునకు రుసుము లేదు. ప్రజలకు సంబంధించిన ముఖ్య నిర్ణయములు చేయునపుడు తత్సంబంధమైన వివరములను తామే ముందుగ ప్రకటింపవలసిన బాధ్యత కూడ ఆ చట్టము కార్యాలయములపై ఉంచినది.

ఒక వీధివారు, ఒక వృత్తివారు, ఒక పొదుపుసంఘమువారు ముందుగా కూర్చుండి మాట్లాడుకొనుట మేలు. పదిమంది ఒకే మాటను పదిమారులు చెప్పుటకన్న, ఒక్కరు చక్కగా చెప్పి తక్కినవారు బలపరచుట మంచిది. మాటతోబాటు వ్రాత కూడ ఉండవలెను. ఈ క్రింది మాదిరిని చూడుడు:

"గ్రామ పంచాయతీ సర్పంచిగారికి, కార్యదర్శిగారికి. అయ్యా, కుళాయిల వాడుకను గూర్చి మన పంచాయతీ చేయదలచిన ఉపనిబంధనల ముసాయిదాలో మోటార్ల నిషేధమును గూర్చిన నిబంధనపై మా అభ్యంతరము ఇది: మా వీధి మిట్టమీద నున్నందున నీరు అందుట లేదు. నిషేధమునకు ముందు మా వీధికి ప్రత్యేకపు వంతు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. ఈ అభ్యంతరమును సభలో చదివించి, మినిట్సు పుస్తకములో వ్రాయించి, దీనిపై తీసికొన్న నిర్ణయమును మాకు తెలుపగోరుచున్నాము. ఇట్లు, క్రింద సంతకములు, వ్రేలిముద్రలు చేసినవారు."

ఇట్టి కాగితమునకు రెండు ప్రతులుండవలెను. ఒకటి ఇచ్చి, రెండవదానిమీద ముట్టినట్లు సంతకము, తేదీ తీసికొని భద్రపరచుకొనవలెను.

సభలో

సభకు వేళకు పోవలెను. పేరు, వీధి చెప్పి మాట్లాడవలెను. ఒక్కమారు ఒక్క విషయమునే ఎత్తికొనవలెను. ముసాయిదా కుళాయిని గూర్చినదైనచో, పాత ఎన్నికల తగవులను అందులోనికి తేరాదు. సర్పంచిపై కోపమున్నను, మాట నిబంధనపై నుండవలెను. ఎదుటివాని మాట ముగియునంతవరకు వినుట పిరికితనము గాదు, సభామర్యాద.

తీర్మానమును బిగ్గరగా చదివి వినిపించుమని అడుగవలెను. చెప్పినదొకటి, వ్రాసినదొకటి కాకుండ చూచుటకు ఇదియే మార్గము. ఖాళీ పుటమీద సంతకము గాని, వ్రేలిముద్ర గాని వేయరాదు. హాజరు పట్టికలో వేసిన సంతకము హాజరుకు మాత్రమే. అది తీర్మానమునకు సమ్మతి కాదని గుర్తుంచుకొనవలెను.

స్త్రీలును, కూలివారును రానిచో

ఆంధ్రప్రదేశములోను, తెలంగాణలోను పంచాయతీ పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. అయినను సభలో స్త్రీలు వెనుకవరుసలో నిలుచుండి పోవుట ఇంకను కాననగును. నీరు, మురుగు, చెత్త, వీధిదీపము - ఉపనిబంధనలు పుట్టు విషయములన్నియు ప్రతిదినము స్త్రీల చేతిమీదుగ నడచునవే. వారు మాట్లాడని సభలో కుళాయిని గూర్చి నిర్ణయము చేయుట, రైతు లేకుండ విత్తనము ఎంచుకొనుట వంటిది.

సభ వేళ కూడ ఒక విషయమే. పగలు పదునొకండు గంటలకు సభ పెట్టినచో కూలివారు ఒకనాటి కూలిని వదలుకొని రావలెను. సాయంకాలము పెట్టుమని, వాడలకు దగ్గర స్థలములో పెట్టుమని కోరవచ్చును. పెద్ద సభలో నోరు మెదుపలేనివారికి కేరళ రాష్ట్రము ఒక ఉపాయము చూపినది. 1996లో అచ్చట ప్రారంభమైన ప్రజాప్రణాళిక ఉద్యమములో గ్రామసభకు వచ్చినవారు విషయముల వారీగ చిన్న చిన్న గుంపులుగ కూర్చుండి చర్చించిరి. పిదప ప్రతి గుంపు తన నిర్ణయమును సభకు తెలిపెను. ఈ పద్ధతిని మన గ్రామములలోను అనుసరించుటకు అడ్డేమియు లేదు.

మాట నిలిచిన ఊళ్లు

గ్రామస్థులు కూడి చేసికొన్న కట్టుబాటు ఏమి చేయగలదో మహారాష్ట్రములోని హివ్రే బజార్ తెలుపుచున్నది. వర్షము తక్కువైన, కరవునకు పేరుపడిన ప్రాంతము అది. 1990 తరువాతి సంవత్సరములలో పోపట్‌రావ్ పవార్ సర్పంచిగా నుండగా, అచ్చటి గ్రామసభ కొన్ని కఠిన నియమములను అంగీకరించెను. సేద్యమునకు బోరుబావులు త్రవ్వరాదు, నీటిని ఎక్కువగ త్రాగు చెరకు, అరటి పంటలు వేయరాదు, పశువులను విచ్చలవిడిగ మేపరాదు, చెట్లు నరుకరాదు. ఏటేట వాననీటిని లెక్కకట్టి, ఆ లెక్కనుబట్టి పంటలను నిర్ణయించుకొనుట వారి పద్ధతి. తన పొలములో తాను బోరు వేయరాదని రైతు ఒప్పుకొనుట సామాన్యము గాదు. తన బావిలో నీరు నిలుచుట పొరుగువాని నియమముపై ఆధారపడియున్నదని అందరును కూర్చుండి గ్రహించుటచేతనే అది సాధ్యమయ్యెను. నీటిమట్టము పెరిగి, వలసపోయిన కుటుంబములు తిరిగి వచ్చినవి.

మన తెలుగునాట వరంగల్లు ప్రాంతములోని గీసుకొండ మండలపు గంగదేవిపల్లి ఇట్టి ఖ్యాతినే ఆర్జించినది. నీరు, పారిశుధ్యము, విద్య మున్నగు పనులకు వేర్వేరు గ్రామసంఘములను ఏర్పరచుకొని, పని చేయువారిని, లెక్క చెప్పువారిని గ్రామస్థులే ఎన్నుకొని నడుపుకొనుట ఆ ఊరి విశేషము.

గిరిజన ప్రాంతములలో గ్రామసభకు అధికారము మరింత కలదు. 1996 నాటి పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో ఆచారములను, సామూహిక వనరులను కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదని గుర్తించినది. ఒడిశాలోని నియమగిరి కొండలలో గని త్రవ్వుటను గూర్చి గ్రామసభలే విచారింపవలెనని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18వ తేదీన తీర్పు చెప్పెను. ఆ ఏడే పండ్రెండు గ్రామసభలు కూడి, పండ్రెండును వద్దనెను. గని ఆగిపోయెను.

సభ తరువాత

సామాన్య గ్రామములలో గ్రామసభ మాట ఎల్లప్పుడును ఇంత బలముగ చెల్లదు. ఉపనిబంధనను ఖాయపరచునది పంచాయతీయే. సభ సలహాను పంచాయతీ పాటింపకపోవచ్చును. అట్లని మాట వ్యర్థము గాదు. మినిట్సు పుస్తకములో ఎక్కిన అభ్యంతరము సాక్ష్యముగ నిలుచును. ఉపనిబంధన పైయధికారి ఆమోదమునకు పోవునపుడు, ఆ అభ్యంతరపు ప్రతిని జతచేసి వారికి విన్నవించుకొనవచ్చును. చట్టమునకు విరుద్ధమైనచో హైకోర్టు దానిని కొట్టివేయగలదు. అయితే కోర్టునకు పోవు ఖర్చులో పదవ వంతు శ్రమతో, సభలోనే దానిని సరిదిద్దుకొనవచ్చును.

అమలులోనికి వచ్చిన ఉపనిబంధనను గూడ ఏడాదికొకసారి గ్రామసభలో విచారించుట అవసరము. ఎన్ని జరిమానాలు వేసిరి? ఎవరిమీద వేసిరి? వచ్చిన సొమ్ము ఏ పద్దులో చేరినది? ఒకే వాడవారిమీదనే జరిమానాలు పడుచున్నచో నియమము సరికాదో, అమలు సరికాదో తెలిసిపోవును. పనికిరాని నియమమును రద్దు చేయుమని అడుగుట గూడ గ్రామస్థుని హక్కే.

ముగింపు

పంచాయతీ ఎన్నిక అయిదేండ్లకొకసారి వచ్చును. నీటివంతు, చెత్తబండి, సంతరుసుము ప్రతిదినము వచ్చును. అయిదేండ్లకొకసారి వోటువేసి, నడుమ నున్న దినములన్నియు మౌనముగ నుండు గ్రామము తన అధికారములో అధికభాగమును వదలుకొన్నదే యగును.

కావున ఈ మారు గ్రామసభ దండోరా వినబడినపుడు, ప్రతి ఇంటినుండి ఒక్కరైనను పోవుదురు గాక. పురుషుడు పొలములో నున్నచో స్త్రీ పోవలెను; పెద్దవారు నడువలేనిచో వోటుహక్కు వచ్చిన కుమారుడో కుమార్తెయో పోవలెను. పోయి ముసాయిదాను చదివించుడు. ఏ ఇంటికి కష్టము కలుగునో చెప్పుడు. మార్పును చూపుడు. వ్రాయించుడు. వ్రాసినదానిని చదివించుకొని వినుడు. నలుగురు కలిసి వ్రాసికొన్న కట్టుబాటును నలుగురును నిలుపుకొందురు.